ఇండోనేషియన్ ముందా, జావనీస్ ముందా?

జావా దీవికి వెళ్లేవాళ్లు ముందు ఇండోనేషియన్ నేర్చుకోవడమే మేలు. మలయ్ నుంచి వచ్చిన ఈ భాషను 1928లో యువజన సంఘాలు చేసిన 'యువజన ప్రతిజ్ఞ' ఐక్యతా భాషగా ఎత్తిపట్టింది, 1945 రాజ్యాంగం అధికార భాషను చేసింది. తినడం ఎవరితోనైనా 'మకాన్' అంటే చాలు. కాలాన్ని బట్టి క్రియ మారదు: ముందు 'సుదా' పెడితే అయిపోయినట్టు, 'అకన్' పెడితే జరగబోతున్నట్టు.

జావనీస్‌లో అలా కుదరదు. స్నేహితుడు తింటే 'మంగన్', పెద్దాయన తింటే 'డహర్', ఆయనతో మన తిండి గురించి చెప్పేటప్పుడు 'నెడొ'. కొత్తవాళ్లు మర్యాద అనుకుని తమకే 'డహర్' వాడేస్తారు. అది తప్పు, తనను తాను గౌరవించుకున్నట్టవుతుంది. అయినా జావనీస్ మాట్లాడే జోగ్యకర్తా, సోలో నగరాల్లో పెద్దల దగ్గర చనువు దొరికేది ఈ శ్రమతోనే. పడమట బాండుంగ్‌లో మాత్రం ఊరి భాష సుందనీస్, అక్కడ ఇండోనేషియనే ఆధారం.