ఇంటి పక్క పగిలిన వాననీటి కాలువ: సిమెంటు పూతా, పీవీసీ గొట్టమా, నాపబండలా?

ప్రొద్దుటూరులో నల్లరేగడి నేలలో కట్టిన మా ఇంటికీ ప్రహరీకీ నడుమ రెండున్నర అడుగుల సందు ఉంది. మిద్దె మీది వాననీటిని ఆ సందు గుండా వీధిలోకి తీసుకుపోయే సిమెంటు కాలువ మూడు చోట్ల పగిలింది. గోడకూ కాలువకూ మధ్య రూపాయి బిళ్ల దిగేంత నెర్రె పడింది. పైన రెండు బకెట్ల నీళ్లు పోసి చూస్తే చివరకు సగం కూడా చేరలేదు, మిగిలినదంతా పునాది పక్కనే ఇంకిపోయింది. కాలువ అడుగున గడ్డపారతో తట్టితే కొన్నిచోట్ల గట్టి చప్పుడు, కొన్నిచోట్ల డొల్ల చప్పుడు వినిపించాయి.

నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుదించుకుపోతుంది. దాని మీద నేరుగా పోసిన సన్నని కాంక్రీటు ఆ కదలికకు తట్టుకోలేదు. కాబట్టి పైకి కనిపించే పగులును మాత్రమే కాక, కింది మట్టిని కూడా లెక్కలోకి తీసుకునే పద్ధతే మేలు.

పగుళ్లను ఉలితో వెడల్పు చేసి, దుమ్ము కడిగి, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక కలిపి పూడ్చడం అన్నిటికంటే చవక. కింద గట్టిగా ఉండి, పూత మాత్రమే ఊడినచోట అది చాలు. డొల్ల చప్పుడు వచ్చినచోట మాత్రం అది డబ్బు దండగ, ఎందుకంటే పాత పగులు పక్కనే కొత్త పగులు వస్తుంది.

పీవీసీ గొట్టాన్ని పూడ్చడం చూపుకు శుభ్రంగా ఉంటుంది, సందులో నడవడానికీ వీలవుతుంది. గొట్టం చాలదేమోనన్న భయం కూడా అక్కరలేదు. 1,000 చదరపు అడుగుల మిద్దె మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే వచ్చేది సుమారు 4,600 లీటర్లు, సరైన వాలులో వేసిన 4 అంగుళాల గొట్టం అంతకు ఎన్నో రెట్లు మోయగలదు. అతుకులకు జిగురు కాక రబ్బరు రింగు సాకెట్లు వాడితే నేల కదలికకు కొంత సర్దుకుంటుంది. అసలు చిక్కు పూడికతోనే. మన ప్రాంతంలో నెలల తరబడి వాన ఉండదు, తర్వాత ఒక్కసారిగా వచ్చే జల్లు మిద్దె మీది ధూళినీ వేపాకునూ కలిపి గొట్టంలోకి తోస్తుంది. ఎక్కడ అడ్డుపడిందో పైనుంచి తెలియదు. జాలీ, మధ్యలో చిన్న గుంత పెట్టి, ఏటా రెండుసార్లు వాటిని శుభ్రం చేసే ఓపిక ఉన్నవారికే ఇది సరిపడుతుంది.

నా మొగ్గు నాపబండల కాలువ వైపే. ఎర్రగుంట్ల దగ్గరే కాబట్టి రాయికి కొదవ లేదు, పాలిష్ పట్టని ముతక బండలు ఈ పనికి సరిపోతాయి. అయితే బండలు పరచడంకన్నా ముందు చేసే పనే ముఖ్యం. పాత కాంక్రీటు తీసి, అడుగు లోతున నల్లమట్టిని తవ్వి, దాని స్థానంలో గరుసు (మొరం) పోసి, నీళ్లు చల్లుతూ పొరలు పొరలుగా దిమ్మిస చేయించాలి. ఆ తర్వాత 10 అడుగులకు ఒకటిన్నర అంగుళాల వాలు వచ్చేటట్టు బేల్దారి (తాపీమేస్త్రి) చేత నీళ్లు నింపిన మట్టం ట్యూబుతో చూపించుకోవాలి, కంటి అంచనాను నమ్మరాదు. బండల అతుకులు ఎప్పటికైనా కొద్దిగా విడతాయి, ఇది ఈ పద్ధతి లోపమే. కానీ విడిన అతుకు కంటికి కనిపిస్తుంది, ఒక్క బండ ఎత్తి సరిచేయవచ్చు, పూడికను పారతో తీసివేయవచ్చు. నాపరాయి సున్నపురాయి గనుక స్నానాలగది కడిగిన ఆసిడ్ నీటిని మాత్రం ఇందులోకి వదలరాదు.

ఇంటి పక్కనే ఇంకుడు గుంత తవ్వి నీటినంతా అందులోకి వదలమని కొందరు సలహా ఇస్తారు. అనంతపురం వైపు ఎర్రనేలలో, గోడకు కనీసం 10 అడుగుల దూరంలో అయితే అది మంచి పనే. నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు, రెండున్నర అడుగుల సందులో ఆ దూరమూ దొరకదు.

మిద్దె గొట్టం నుంచి నీళ్లు నేరుగా పడే చోట మందపాటి బండ ఒకటి వేసి, గొట్టం చివరను కాలువకు అరచేయి ఎత్తు దాకా దించమని బేల్దారికి చెప్పాను, ఎందుకంటే పాత కాలువ మొదట పగిలింది అక్కడే. గేటు కింద నాలుగు అడుగుల మేర మాత్రం బండి బరువు పడుతుంది కనుక గొట్టం వేయిస్తున్నాను. మిగతాదంతా నాపబండలే. నేలలో ఇంకా కొంత తేమ మిగిలి, వేసవి నెర్రెలు తెరుచుకోకముందే, ఫిబ్రవరిలో పని మొదలవుతుంది.