లేఆఫ్‌లో సగం షిఫ్టుకు పిలిస్తే వెళ్లాలా, వద్దా? పండగ వేతనం మాటేమిటి?

లేఆఫ్ (పని చూపించలేక కార్మికుల్ని తాత్కాలికంగా ఆపడం) నోటీసు బోర్డు ఎక్కిన నాలుగైదు రోజులకు సూపర్‌వైజర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "రేపు మధ్యాహ్నం నాలుగు గంటల పనుంది, వస్తావా?" సంక్రాంతి ముందైతే ఈ ఒక్క ప్రశ్నతో ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. వెళ్తే లేఆఫ్ పరిహారం పోతుందేమో, వెళ్లకపోతే పండగ వేతనం కోసేస్తారేమో. క్యాంటీన్ దగ్గర నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా చెబుతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పర్మినెంట్ కార్మికుడికి సగం షిఫ్టుకు వెళ్లడమే మేలు. కానీ ఆ రోజు మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో, సగం పని, సగం లేఆఫ్ అని పడాలి. అలా పడకపోతే వెళ్లి చేసిన నాలుగు గంటలూ వెట్టిచాకిరీ కిందే లెక్క. అదెలాగో అంకెలతో చూపిస్తాను. రోజుకూలీ మీద ఉన్నవాళ్ల సంగతి వేరు, దాన్ని తర్వాత చూద్దాం.

లేఆఫ్‌లో ఉన్న మనిషి ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. పేరు మస్టర్‌లోనే ఉంటుంది. ముడిసరుకు లేకో, కరెంటు లేకో, మిషన్ చెడిపోయో, సరుకు గోడౌన్‌లో పేరుకుపోయో యాజమాన్యం పని చూపించలేకపోయింది, అంతే. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు వారపు సెలవుకు తోడు ఇంకో రోజు పవర్ హాలిడే ప్రకటించారు గుర్తుందా? అలాంటి రోజుల్లో పని ఆగితే అదీ దీని కిందికే వస్తుంది. దానికి 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సగం పరిహారం ఇమ్మంది. బేసిక్, డీఏ కలిపి అందులో యాభై శాతం. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఈ యాభై శాతం సూత్రాన్ని కోడ్ కూడా అలాగే ఉంచింది. యాభై మంది, అంతకంటే ఎక్కువ కార్మికులుండి, సీజనల్ కాని సంస్థలో, ఏడాది సర్వీసు నిండినవాళ్లకు ఇది వర్తిస్తుంది. బదిలీ కార్మికులకు (ఇంకొకరు రానప్పుడు వాళ్ల బదులు పని చేసేవాళ్లకు), క్యాజువల్ వాళ్లకు రాదు. అయితే బదిలీ కార్మికుడైనా ఏడాది సర్వీసు పూర్తి చేస్తే అతణ్ని ఇక బదిలీగా చూడకూడదని చట్టమే చెబుతోంది. ఈ మాట తెలియక పరిహారం వదిలేసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక లెక్కకు వద్దాం. రోజుకు బేసిక్, డీఏ కలిపి 600 రూపాయలు అనుకోండి. మిగతా అలవెన్సులు పక్కన పెడదాం.

రోజంతా లేఆఫ్ అయితే 300 వస్తుంది. దీనికోసం పని చేయక్కర్లేదు గానీ, చెప్పిన వేళకు గేటు దగ్గరికి వెళ్లి హాజరు వేయించుకోవాలి. షిఫ్టు మొదలయ్యే వేళకు వెళ్లిన మనిషికి రెండు గంటల్లోపు పని చూపించకపోతే ఆ రోజు లేఆఫ్ కింద లెక్క. రోజుకు ఒక్కసారైనా హాజరు కాకపోతే ఆ 300 కూడా రాదు.

సగం షిఫ్టు అయితే? ఉదయం వెళ్తే "రెండో సగానికి రా" అన్నారు, మధ్యాహ్నం వెళ్తే పని ఇచ్చారు. అప్పుడు చట్టం ప్రకారం మొదటి సగం మాత్రమే లేఆఫ్. చేసిన సగానికి 300, లేఆఫ్ అయిన సగానికి 150, మొత్తం 450. మధ్యాహ్నం రమ్మని, తీరా వెళ్లాక పని లేదంటే ఆ రెండో సగాన్ని లేఆఫ్‌గా చూపడానికి వీల్లేదు. దానికి పూర్తి బేసిక్, డీఏ ఇవ్వాలి. అంటే పని చేయకపోయినా 450 రావాలి. ఇది చట్టంలో అక్షరాలా ఉన్న మాట. అయినా పే స్లిప్పులో దీన్ని సరిగా చూపించే టైమ్ ఆఫీసులు తక్కువ.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. చాలాచోట్ల సగం షిఫ్టుకు వచ్చినవాళ్లకు చేసిన నాలుగు గంటల డబ్బు, 300, ఇచ్చి ఊరుకుంటారు. పక్కవాడు ఉదయం గేటు దగ్గర సంతకం పెట్టి ఇంటికెళ్లి పడుకున్నాడు, అతనికీ 300 వచ్చింది. మరి ఈ మనిషి పత్తి దుమ్ములోనో జనపనార పొట్టులోనో నాలుగు గంటలు చేసిన పని ఎటు పోయింది? ఒళ్లు మండేది ఇందుకే. కార్మికులు అజ్ఞానంతో ఒప్పుకుంటున్నారనడం అన్యాయం. "వచ్చినంత మేలు, ఇల్లు గడవాలి కదా" అనే అవసరం అలా ఒప్పిస్తోంది. ఆ అవసరాన్ని ఆసరాగా తీసుకుని 150 మింగేయడం తప్పు.

మస్టర్‌లో ఏం పడిందో అడగండి. సగం షిఫ్టు రోజున మీ పేరుకు ఎదురుగా 'హాజరు' అని ఒక్క గుర్తే ఉంటే సరిపోదు. మొదటి సగానికి లేఆఫ్ గుర్తు, రెండో సగానికి హాజరు గుర్తు విడివిడిగా ఉండాలి. ఫోన్ చేసి పిలిచిన సూపర్‌వైజర్‌ను "అదే మాట వాట్సాప్‌లో పెట్టండి సార్" అని మర్యాదగా అడగండి. ఆ ఒక్క మెసేజ్ తర్వాత ఎంతగానో అక్కరకొస్తుంది.

ఇంకో రకం సగం షిఫ్టు ఉంది. ఉదయం పని మొదలుపెట్టించి, మూడు గంటలయ్యాక "ఇంక చాలు, వెళ్లిపోండి" అంటారు. చట్టంలో సగం రోజు లేఆఫ్ అన్న వెసులుబాటు రెండో సగానికి పిలిచిన సందర్భానికే ఉంది. పొద్దున్నే పని ఇచ్చేశాక మధ్యలో పంపేస్తే పూర్తి రోజు వేతనం అడగడానికి మనకు గట్టి ఆధారం ఉన్నట్టే. యూనియన్లు ఈ పాయింటును ఎందుకో అంతగా పట్టించుకోవడం లేదు.

పండగ రోజు సంగతి

జాతీయ సెలవులు, పండగ సెలవులు వేరే చట్టం కిందికి వస్తాయి. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీలు, సంస్థల జాతీయ, పండగ సెలవుల చట్టం అది. తెలంగాణలోనూ అదే కొనసాగుతోంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 లాంటి రోజులతో పాటు ఆ ఏటి జాబితాలో ఉన్న పండగలకు వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఆ రోజు పని చేయిస్తే రెట్టింపు వేతనమో, లేదా ఆ రోజు వేతనంతో పాటు బదులుగా ఇంకో రోజు సెలవో ఇవ్వాలి. ఇది రాష్ట్ర చట్టం. కొత్త కోడ్‌లు రద్దు చేసినవి కేంద్ర చట్టాలను కాబట్టి దీనికి వచ్చిన ముప్పేమీ లేదు.

యాజమాన్యం ఏం చేస్తుందంటే, జనవరి 10 నుంచి 20 వరకు లేఆఫ్ అని ఒకే నోటీసు వేసి, సంక్రాంతిని అందులో కలిపేసి దానికీ సగమే లెక్క కడుతుంది. దీన్ని ఒప్పుకోకూడదని నా వాదన. ఎందుకంటే లేఆఫ్ పరిహారం సెక్షన్ మినహాయించింది మధ్యలో వచ్చే వారపు సెలవులను మాత్రమే. పండగ సెలవు ఊసు అందులో లేదు. పైగా పండగ రోజున ఫ్యాక్టరీకి ఎలాగూ సెలవే. పని చూపించాల్సిన రోజే కానప్పుడు పని చూపించలేకపోయామని లేఆఫ్ వేయడమేమిటి? ఆ రోజు వేతనం సెలవుల చట్టం ప్రకారం పూర్తిగా 600 రావాలి. అయితే కొన్ని కంపెనీల సెటిల్‌మెంట్లలో (యూనియన్‌తో కుదిరిన ఒప్పందాల్లో) పండగకు ముందు రోజు, తర్వాతి రోజు హాజరు ఉండాలనే షరతు రాసుకుని ఉంటారు. మీ సెటిల్‌మెంట్ కాపీ తీసి ఆ పేజీ చూసుకోండి. అలాంటి షరతు ఉంటే ఆ రెండు రోజులూ గేటు హాజరు తప్పనివ్వకండి. లేఆఫ్ హాజరు కూడా హాజరే అని ముందుగానే లెటర్ పెట్టించండి.

సంక్రాంతి వారాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. వారపు సెలవు పోను ఆరు రోజులు, అందులో ఒకటి పండగ. గేటు హాజరుతో పూర్తి లేఆఫ్ తీసుకుంటే ఐదు రోజులకు 1500, పండగకు 600, కలిపి 2100. యాజమాన్యం లెక్కలో అయితే 1800. సగం షిఫ్టులు సరిగా రాయించుకుంటే ఐదు రోజులకు 2250, పండగకు 600, మొత్తం 2850. సగం షిఫ్టులు తప్పుగా పడి, పండగకూ సగమే ఇస్తే మళ్లీ 1800. వారమంతా చాకిరీ చేసినవాడికీ, ఊరికే సంతకం పెట్టినవాడికీ ఒకే 1800 వచ్చే చోట సగం షిఫ్టుకు వెళ్లడంలో అర్థం లేదు. తేడా 1050 రూపాయలు. పండగకు ఇంట్లో పిల్లలకు బట్టలు ఆ డబ్బుతోనే వస్తాయి.

పండగ రోజునే "క్లీనింగ్ ఉంది, నాలుగు గంటలు రండి" అంటే మాత్రం రెట్టింపు మాట కాగితం మీద పెట్టించుకున్నాకే కదలండి.

ఈఎల్ (ఆర్జిత సెలవు) పెట్టుకోమంటే?

ఇది మూడో దారి. "లేఆఫ్ ఎందుకు, నీ ఈఎల్ రాసుకో, పూర్తి జీతం వస్తుంది" అంటారు. వినడానికి బాగుంటుంది, 600 వస్తుంది. కానీ పాత ఫ్యాక్టరీల చట్టం లెక్కనైనా, దాని స్థానంలో వచ్చిన కొత్త కోడ్ లెక్కనైనా ఇరవై రోజులు పని చేస్తే ఒక్క ఈఎల్ జమ అవుతుంది. పని చూపించాల్సిన బాధ్యత యాజమాన్యానిది, దాని ఖర్చు మీ ఖాతాలో సెలవుల్లోంచి పోతుంది. లేఆఫ్ రోజులు ఈఎల్ అర్హతకు కావలసిన రోజుల లెక్కలో కలుస్తాయి, కొత్త ఈఎల్‌ను మాత్రం సంపాదించి పెట్టవు. అంటే లేఆఫ్ ఏడాదిలో ఈఎల్ ఎలాగూ తక్కువ జమ అవుతుంది. ఉన్నవి కూడా ఇక్కడే కరిగిస్తే ఇంట్లో పెళ్లికో, అమ్మానాన్నల ఆస్పత్రికో మిగలవు. బలవంతంగా రాయించడానికి వాళ్లకు హక్కు లేదు. చేతిలో చాలా ఈఎల్‌లు ఉండి, ఎలాగూ వాడుకోవాల్సినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు దీన్ని నేను సిఫార్సు చేయను.

లేఆఫ్ రోజుల్లో బయట కూలికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. సెంట్రింగ్ పనికి వెళ్తే రోజుకు 300 కంటే ఎక్కువే వస్తుంది, నిజమే. ఒకట్రెండు రోజులైతే ఎవరూ తప్పుపట్టరు. వరసగా రోజుల తరబడి గేటు మొహం చూడకపోతే మాత్రం "చెప్పకుండా మానేశాడు" అని స్టాండింగ్ ఆర్డర్ల (కంపెనీ ఉద్యోగ నిబంధనల) కింద నోటీసు వస్తుంది. సర్వీసు మీదకు తెచ్చుకోవద్దు.

వేరే పని ఇస్తామంటే

మిషన్ ఆపరేటర్‌ను యార్డులో లోడింగ్ చేయమంటారు. కాదంటే లేఆఫ్ పరిహారం రాదని బెదిరిస్తారు. ఇందులో సగం నిజం ఉంది. ప్రత్యేక నైపుణ్యం అక్కర్లేని, ఆ మనిషి చేయగల ప్రత్యామ్నాయ పనిని నిరాకరిస్తే పరిహారం పోతుంది. కానీ దానికి ఒక షరతు ఉంది. మామూలుగా వచ్చే పూర్తి వేతనం ఆ పనికి కూడా ఇస్తామనాలి. నాలుగు గంటల లోడింగ్‌కు సగం డబ్బు అంటే ఆ షరతు తీరలేదు, అప్పుడు కాదన్నందుకు పరిహారం ఆపడానికి వీల్లేదు. మీ సొంత పనికే రెండో సగానికి పిలిస్తే మాత్రం మానేయకండి, అక్కడ మన వాదన నిలవదు.

రోజుకూలీ, కాంట్రాక్టు వాళ్లకు లేఆఫ్ పరిహారం దాదాపు అందదు కాబట్టి ఎంచుకునే అవకాశమే ఉండదు, పిలిస్తే వెళ్లాల్సిందే. కానీ వాళ్లకు ఇంకో హక్కు ఉంది. కనీస వేతనం రోజు లెక్కన నిర్ణయించిన పనుల్లో, యాజమాన్యం పని చూపించలేక తక్కువ గంటలు చేయించినా పూర్తి రోజు వేతనం ఇవ్వాలి. 1948 కనీస వేతనాల చట్టంలోని ఈ నిబంధన కొత్త వేతనాల కోడ్‌లోనూ ఉంది. మూడు గంటలకు పిలిచి మూడు గంటల డబ్బు చేతిలో పెట్టే కాంట్రాక్టర్లను నిలదీయడానికి ఇదే ఆధారం. పర్మినెంట్ల యూనియన్ ఈ విషయంలో వాళ్ల పక్కన నిలబడాలి. ఒకే షెడ్డులో, ఒకే మిషన్ మీద పని చేస్తున్నాం కదా.

చివరగా 45 రోజుల సంగతి. పన్నెండు నెలల్లో 45 రోజులు దాటితే లేఆఫ్ పరిహారం ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. దానంతటది ఆగదు. అలా ఆపడానికి కార్మికుడికీ యాజమాన్యానికీ మధ్య ఒప్పందం ఉండాలి. అందుకే లేఆఫ్ మొదలైన వారంలోనే ఏదో ఒక కాగితం మీద సంతకాలు తీసుకుంటారు, పైన 'షార్ట్ షిఫ్ట్‌కు అంగీకారం' అని రాసి ఉంటుంది, కింద చిన్న అక్షరాల్లో ఈ 45 రోజుల మాట ఉంటుంది. సగం షిఫ్టుకు వెళ్లండి, ఆ కాగితం మీద మాత్రం యూనియన్ చదవకుండా సంతకం పెట్టకండి. ఈపాటికే పెట్టేసి ఉంటే కాపీ అడిగి తీసుకుని, ఈ నెల పే స్లిప్పుతో సహా అసిస్టెంట్ లేబర్ కమిషనర్ ఆఫీసులో అర్జీ పెట్టండి.