బ్రూట్ వైన్ సీసా పక్కన ఏది మేలు: ఉప్పు చిప్సా, బజ్జీయా, జంతికలా?

నా ఓటు పది రూపాయల ఉప్పు చిప్స్ ప్యాకెట్‌కే, అదీ లేస్‌లో పసుపుది, నీలం మసాలాది కాదు. ఎందుకో చెప్తాను.

సంక్రాంతికి మా మావయ్య కొడుకు వైజాగ్ నుంచి వస్తూ నాసిక్‌లో చేసిన బ్రూట్ స్పార్క్లింగ్ వైన్, అంటే బుడగలొచ్చే వైన్, సీసా ఒకటి పట్టుకొచ్చాడు. విజయనగరంలో మా డాబా మీద కూర్చుని, గంటస్తంభం దగ్గర బండి మీద కట్టించుకొచ్చిన వేడివేడి మిరపకాయ బజ్జీలు, రెండు రకాల చిప్స్, పండక్కి అమ్మ వండిన జంతికలు, పలాస నుంచి తెప్పించిన జీడిపప్పు, అన్నీ ముందు పెట్టుకున్నాం. చిప్స్ ప్యాకెట్ చూడగానే వాడు, "ఏటి బావా, ఇంత ఖరీదు సీసాకి చిప్సా?" అన్నాడు. ఒక ముక్క నమిలి ఒక గుక్క తాగు, తర్వాత మాట్లాడదాం అన్నాను. తాగాక ప్యాకెట్ తన వైపు లాక్కున్నాడు.

అందులో మాయేం లేదు. బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల కంటే తక్కువ చక్కెర ఉన్నది, అంటే తీపి దాదాపు తెలియదు, పులుపు మాత్రం బాగా తెలుస్తుంది. పకోడీ మీద నిమ్మకాయ పిండితే నూనె ముద్ద తేలికైపోతుంది కదా, ఈ పులుపు, బుడగలు కలిసి చిప్స్ నూనెకి అదే చేస్తాయి, నోరు కడిగినట్టయి మళ్ళీ ఇంకో ముక్క మీదికి చెయ్యి పోతుంది. ఇక ఉప్పు వైన్‌లోని చేదుని అణిచేసి పండు రుచిని పైకి తెస్తుంది, అందుకే ఉత్త గుక్క కంటే చిప్స్ తర్వాత గుక్క మెత్తగా అనిపిస్తుంది.

బజ్జీ దగ్గరికొస్తే, నాకు ప్రాణం అది, కాబట్టి ఇది రాయడానికి మనసు ఒప్పడం లేదు. నిలువునా చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మరసం పిండిన బజ్జీ కొరికి, వెంటనే చల్లటి బ్రూట్ తాగాను, చల్లదనానికి మంట తగ్గుతుందనుకుంటే నాలుక చివర నుంచి గొంతు దాకా రెట్టింపైంది, కళ్ళలో నీళ్ళొచ్చాయి, వైన్ రుచి ఏమిటో అసలు తెలియలేదు. కారం నాలుక మీద వేడిని పసిగట్టే నరాలనే తడుతుంది, ఆల్కహాల్ కూడా వాటినే ఇంకా సున్నితం చేస్తుంది, పైగా బుడగల చురుకు ఒకటి. తప్పు బజ్జీది కాదు, సీసాది కాదు, జోడీది. బజ్జీ కావాల్సిందే అంటే తియ్యటి రకం తీసుకోండి, డెమీ సెక్ అని రాసి ఉండేది, దాంట్లో లీటరుకి 32 నుంచి 50 గ్రాముల చక్కెర ఉంటుంది, తీపి మంటని కాస్త పట్టి ఉంచుతుంది. ఒక మాట, ఎక్స్‌ట్రా డ్రై అన్న పేరు చూసి మోసపోకండి, అది బ్రూట్ కంటే తియ్యగానే ఉంటుంది. మసాలా చిప్స్‌ది కూడా బజ్జీ కథే, కొంచెం తక్కువ మోతాదులో.

చిప్స్‌కి గట్టి పోటీ ఇచ్చినవి అమ్మ జంతికలు. బియ్యప్పిండి కరకర, ఉప్పు, వాము వాసన, అన్నీ బాగా కుదిరాయి, అయితే ఆ వాయిలో కారం తగ్గించి వేసింది కాబట్టి కుదిరాయి, కొట్లో దొరికే ఎర్రటి కారం జంతికలతో ఈ పని చెయ్యొద్దు.

జీడిపప్పు చౌక చిరుతిండి కాదు, నిజమే, కానీ విరిగిన పప్పు గుండు పప్పు కంటే తక్కువకే వస్తుంది, రుచిలో తేడా ఏం లేదు. గుప్పెడు పప్పు దోరగా వేయించి ఉప్పు చల్లితే చాలు. మా సీసాలోని వైన్ రెండోసారి సీసాలోనే పులిసిన రకం, షాంపేన్ చేసే పద్ధతి అదే, పులిశాక అడుగున మిగిలే ఆ ఈస్ట్ మడ్డి మీద నెలల తరబడి ఉన్న వైన్‌కి కాల్చిన బ్రెడ్ లాంటి వాసన పడుతుంది, వేగిన జీడిపప్పు వాసన దానికి అన్నదమ్ముల్లా కలుస్తుంది. ప్రొసెక్కో అనే ఇటలీ బుడగల వైన్ అయితే పెద్ద ట్యాంకులో పులియబెడతారు, దాంట్లో పండు వాసనే ఎక్కువ, దానికి మళ్ళీ ఉప్పు చిప్సే నయం.

ఏది పెట్టుకున్నా సీసా మాత్రం బాగా చల్లబడాలి. బకెట్‌లో ఉత్త ఐసు కాదు, సగం ఐసు సగం నీళ్ళు, అరగంట. తీసేటప్పుడు బిరడా మీద నుంచి బొటనవేలు తియ్యకుండా సీసాని తిప్పండి, లోపల ఒత్తిడి కారు టైరు కంటే ఎక్కువ. మావాడు మొదట బిరడానే తిప్పబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను, తర్వాత నెమ్మదిగా తిప్పితే ఒక్క చుక్క కింద పడకుండా చిన్న నిట్టూర్పుతో వచ్చేసింది.