7800ఎక్స్3డీ పీసీ: రెండు వేసవుల తర్వాత

ఏఎండీ కంపెనీ రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్ ఏ గేమ్‌లో ఎన్ని ఫ్రేములు ఇస్తుందో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోను. దీని మీద నాకు ఇంత ఇష్టం కలగడానికి కారణం ఒక్కటే. గేమ్ ఆడేటప్పుడు ఇది కరెంటు చాలా తక్కువ తీసుకుంటుంది. స్పెసిఫికేషన్‌లో టీడీపీ (కూలర్ ఎంత వేడిని తట్టుకోవాలో చెప్పే అంకె) 120 వాట్లు అని ఉంటుంది గానీ, నేను ఆడే ఆటల్లో 50 నుంచి 70 వాట్ల మధ్యే తిరుగుతుంది.

హై ఎండ్ పీసీ కట్టించుకునేటప్పుడు డబ్బు ఎక్కడ కారిపోతుందో చూస్తే, ఈ సంఖ్య విలువ తెలుస్తుంది. దీనికి పోటీగా ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ ఐ9 14900కే గరిష్ఠంగా 253 వాట్ల దాకా వెళ్తుందని ఇంటెల్ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. ఆటల్లో అదీ అంత తీసుకోదు, నిజమే. కానీ అది పెట్టుకున్నాక మిగతా పీసీ అంతా ఆ 253కి సిద్ధంగా ఉండాల్సిందే: పెద్ద కూలర్, గట్టి వీఆర్ఎం (ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం) ఉన్న మదర్‌బోర్డు, ఇంకో మెట్టు పైన ఎస్ఎంపీఎస్ (పీసీకి పవర్ ఇచ్చే పెట్టె). 7800ఎక్స్3డీ ఆ ఖర్చులన్నీ తప్పించింది.

2024 మొదట్లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో విడిభాగాలు కొన్నాను. కౌంటర్‌లో అబ్బాయి, "అన్నా, ఇంత మంచి ప్రాసెసర్ తీస్కొని బీ650 బోర్డేంది? ఎక్స్670ఈ తీస్కో, ఫ్యూచర్ ప్రూఫ్" అని పట్టుబట్టాడు. రెండింట్లోనూ ఉన్నది అదే ఏఎం5 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు). ఆ ఏడాది నవంబర్‌లో వచ్చిన తర్వాతి తరం 9800ఎక్స్3డీ కూడా బయాస్ (బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే బీ650లో పనిచేస్తుంది. ఆ రెండు బోర్డుల ధరల తేడాతో నాకు 2 టీబీ జెన్4 ఎస్ఎస్‌డీ వచ్చేసింది. 360 ఎంఎం లిక్విడ్ కూలర్ వద్దని రెండు టవర్ల ఎయిర్ కూలర్ తీసుకున్నాను. ర్యామ్ 16 జీబీవి రెండు, 6000 స్పీడ్. నాలుగు స్లాట్లూ నిండితే చూడ్డానికి బాగుంటుందని 8 జీబీవి నాలుగు అంటగట్టబోయారు. ఈ ప్రాసెసర్‌కు నాలుగు స్టిక్కులు పెడితే ఏఎండీ అధికారికంగా హామీ ఇచ్చే స్పీడ్ 3600 మాత్రమే. డబ్బు ఎక్కువిచ్చి స్పీడ్ తగ్గించుకోవడం ఎందుకు? ఇలా మిగిలిందంతా గ్రాఫిక్స్ కార్డుకు పోయింది. ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ కార్డు, దానికి 1440పీ రిజల్యూషన్ ఉన్న మానిటర్.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా అలాగే ఉండిపోతుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి. ఏఎం5లో మెమరీ ట్రైనింగ్‌కు, అంటే బోర్డు ర్యామ్‌తో కుదురుకోవడానికి, కొన్ని నిమిషాలు పడుతుంది.

ఇంత తక్కువ కరెంటుతో అంత వేగం ఎలాగంటే, చిప్ మీద పేర్చిన అదనపు కేషే (ప్రాసెసర్‌లోనే ఉండే వేగమైన మెమరీ) కారణం. మొత్తం ఎల్3 కేష్ 96 ఎంబీ. గేమ్‌కు కావలసిన డేటా చాలావరకు చిప్‌లోనే దొరుకుతుంది కాబట్టి మాటిమాటికీ ర్యామ్ దాకా పోనక్కర్లేదు. అందుకే ఆ అదనపు కేష్ లేకుండా 5.4 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే 7700ఎక్స్ కంటే, 5 దగ్గర ఆగిపోయే ఇదే ఆటల్లో ముందుంటుంది. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పెద్ద నగరాల మీద కిందికి దిగేటప్పుడు నా పాత పీసీ ఆగి ఆగి కదిలేది. ఇప్పుడు రన్‌వే మీద చక్రాలు ఆనేదాకా కుదుపు లేదు.

ఇక కరెంటు సంగతి. మాది ఖమ్మం. మొదటి వేసవిలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో పీసీ రీస్టార్ట్ అయ్యేది. చిత్రమేంటంటే, బ్రౌజింగ్ చేస్తున్నప్పుడు పోతే ఏమీ అయ్యేది కాదు. గేమ్ మధ్యలో పోతేనే ఆఫ్. ఎస్ఎంపీఎస్ పాడైందేమోనని షాపువాళ్లకు ఫోన్ చేస్తే, "వాట్లు సరిపోవట్లేదు సార్, 1000 వాట్లది వేసుకోండి" అన్నారు. నాది 750 వాట్లు, 80 ప్లస్ గోల్డ్ (కరెంటు వృథా తక్కువగా ఉండే రకం). గోడ ప్లగ్ దగ్గర మీటర్ పెట్టి చూస్తే గేమ్ నడుస్తుండగా మొత్తం పీసీ 350 వాట్లు కూడా దాటడం లేదు. సగం కూడా వాడని ఎస్ఎంపీఎస్‌కు వాట్లు చాలకపోవడమేంటి?

చివరికి విషయం తేల్చింది బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్. ఇన్వర్టర్ వెనక్కి వంగి చూసి, "ఇది వైడ్ రేంజ్‌లో ఉంది సార్, యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి" అని చిన్న స్విచ్ ఒకటి అటు నుంచి ఇటు నొక్కాడు. కరెంటు పోయాక ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్న ఛార్జ్ మీద మామూలుగా 16, 17 మిల్లీసెకన్లు నిలబడుతుంది. వైడ్ రేంజ్‌లో ఇన్వర్టర్ మారడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. యూపీఎస్ మోడ్‌లో 10 మిల్లీసెకన్ల చుట్టుపక్కలే. లోడ్ తక్కువుంటే ఆ ఛార్జ్ ఇంకాసేపు వస్తుంది కాబట్టే బ్రౌజింగ్‌లో పీసీ బతికిపోయేది. మెయిన్ స్విచ్ తీసి, గేమ్ నడుస్తుండగానే మళ్లీ మళ్లీ పరీక్షించాం. ఫ్యాను ఒక్కసారి నెమ్మదించి అందుకుంది, గేమ్ మాత్రం ఆగలేదు. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. గదిలో ఫ్యాను, లైటు, వైఫై, గేమింగ్ పీసీ అన్నీ ఇంటి ఇన్వర్టర్ మీదే నడుస్తున్నాయి. ఎక్కువ కరెంటు తాగే ప్రాసెసర్, దానికి తగ్గ కార్డు ఉంటే ఓవర్‌లోడ్ బీప్‌లు వినాల్సి వచ్చేది. విడిగా ఓ యూపీఎస్ కొనొచ్చు కదా అంటే, మామూలు 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. దాన్ని అంచుల్లో నడపడం నాకిష్టం లేదు.

యూపీఎస్ మోడ్‌తో ఓ చిక్కు కూడా ఉంది. వోల్టేజీ 180 కిందికి జారితే కరెంటు ఉన్నా సరే ఇన్వర్టర్ బ్యాటరీ మీదికి పోతుంది. మే నెల రాత్రుళ్లు మా వీధిలో అలా జరిగేది, బ్యాటరీ తొందరగా అయిపోయేది. లో వోల్టేజీ ఎక్కువగా ఉండే ఊళ్లలో ఈ కిటుకు అంతగా పనికిరాదు.

పొదుపు అన్నాను గానీ అది గేమ్ ఆడేటప్పటి మాట. డెస్క్‌టాప్ మీద ఊరికే ఉంచితే ఇది ఇంటెల్ చిప్‌ల కంటే ఎక్కువే తీసుకుంటుంది. రోజంతా ఆన్‌లో పెట్టి ఎక్సెల్ చేసుకునేవాళ్లకు బిల్లులో ఒరిగేదేమీ లేదు. మా తమ్ముడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. రెండర్ పెట్టినప్పుడు ఇందులో ఉన్నది 8 కోర్లేనని బాగా తెలిసొచ్చింది. వాడికి ఇది కొనమని చెప్పలేదు.

4కేలో ఆడేవాళ్లకు భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది కాబట్టి, ఇంకా తక్కువ ధర ప్రాసెసర్ తీసుకుని ఆ డబ్బు కార్డులో పెట్టడం మేలు. నా కార్డుకున్న 12 జీబీ మెమరీ 1440పీలో ఇప్పటిదాకా సరిపోయింది, కొత్త గేముల్లో టెక్స్చర్లు అన్నీ అల్ట్రాలో పెడితే ఇరుకవుతోంది. పైగా నేను కొన్నప్పుడు డీడీఆర్5 చవక. 2025 చివర్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. ఇప్పటికే పాత తరం ఏఎం4 బోర్డు, డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లయితే అవి మార్చకుండా కార్డు ఒక్కటే మార్చుకోవచ్చేమో ముందు లెక్కేసుకోండి. నాలాగా మొదటి నుంచి కట్టుకునేవాళ్లు, 1440పీలో ఆడేవాళ్లు, కరెంటు పోయే ఊళ్లో ఉండేవాళ్లు అయితే మాత్రం ఇదే చిప్, బీ650 బోర్డు, ఎయిర్ కూలర్ తీసుకోండి. కొనేముందు ఇన్వర్టర్ వెనక ఆ స్విచ్ ఉందో లేదో చూసుకోండి.