గట్టు కట్టడమా, మంత్రిని మార్చుకోవడమా: కంప్యూటర్‌తో చదరంగంలో ఏది మేలు?

మా మేనల్లుడు సెలవులకి పాలకొల్లు వచ్చాడంటే అరుగు మీద చదరంగం పరవాల్సిందే. ఈసారి ఫోన్లో స్టాక్‌ఫిష్ అనే చదరంగం ప్రోగ్రాంతో ఆరు ఆటలు వరసగా ఓడిపోయి, "గ్రాండ్‌మాస్టర్లు దీంతో ఎలా వేగారండీ మావయ్యా?" అన్నాడు.

స్టాక్‌ఫిష్‌తో కాదు గానీ, దాని తాతలతో వేగిన రోజుల్లో వాళ్లకి రెండు దారులుండేవి. ఒకటి గట్టు కట్టడం. బంట్లని ఎదురెదురుగా బిగించేసి, లెక్కలు వేసుకోవడానికి యంత్రానికి ఏమీ మిగల్చకుండా చేయడం. రెండోది, మంత్రులని తొందరగా మార్చేసుకోవడం, అంటే మన మంత్రినిచ్చి ఎదుటి మంత్రిని కొట్టేసి రెంటినీ బల్ల మీంచి దించేయడం. బల్ల మీద మెరుపుదాడి చేసే బలగం తగ్గితే, లెక్క కంటే అవగాహనకి విలువ పెరుగుతుంది. ఈ రెండూ కాకుండా బాహాబాహీకి దిగడం ఎలాంటిదో 1997లో తేలిపోయింది. సెకనుకి 20 కోట్ల స్థితులు చూసే ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ, పోటీ చివరి ఆటలో గుర్రాన్ని బలి ఇచ్చి, 19 ఎత్తుల్లో అప్పటి ప్రపంచ విజేత కాస్పరోవ్ పని ముగించింది.

గట్టు కట్టడానికి అందమైన ఉదాహరణ 2003లో న్యూయార్క్‌లో ఎక్స్‌త్రీడీ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాంతో కాస్పరోవ్ ఆడిన మూడో ఆట. ఆరో ఎత్తుకే బంటుని ముందుకి తోసి ఒక పక్కంతా మూసేశాడు. ఫ్రిట్జ్‌కి ఏం చేయాలో తోచక పావుల్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చుంది. ఈయన మాత్రం తీరిగ్గా బలగాన్ని చేర్చుకుని 45 ఎత్తుల్లో గెలిచాడు. అయితే చేలో గట్టు వేసినవాడికి తెలుసు, పీత బొరియ ఒక్కటి చాలు తెగడానికి. అదే పోటీ రెండో ఆటలో చక్కగా కాచుకుంటూ వచ్చి 32వ ఎత్తులో ఏనుగుని తప్పు గడిలో పెట్టాడు, ఆట పోయింది. పోటీ 2-2తో సమం. గట్టు అనేది యంత్రం తెలివితక్కువతనాన్ని నమ్ముకుని వేసేది. ఆ తెలివితక్కువతనాన్ని ప్రోగ్రామర్లు దిద్దేస్తే ఇక దేన్ని నమ్ముకుంటాం?

అందుకే నా ఓటు మంత్రి మార్పిడికే. 2002లో బహ్రెయిన్‌లో ఆ ఫ్రిట్జ్ కుటుంబంలోదే అయిన డీప్ ఫ్రిట్జ్ మీద రష్యా గ్రాండ్‌మాస్టర్ క్రామ్నిక్ మొదటి ఆటలో బెర్లిన్ రక్షణ అనే ఆరంభంతో మంత్రుల్ని దింపేశాడు, తర్వాతి రెండు ఆటల్లోనూ అంతే. నాలుగు ఆటలయ్యేసరికి 3-1 ఆధిక్యం. అయిదో ఆటలో పొరపాటు చేసి ఓడాడు. ఆరో ఆటలో ఏం పూనిందో, గుర్రాన్ని బలి ఇచ్చి దాడికి దిగాడు! తన దారి వదిలేసి యంత్రం దారిలోకి పోయాడన్నమాట, అదీ ఓడాడు. చివరికి 4-4.

మంత్రులు బల్ల మీద ఉంటే ఏమవుతుందో 2006లో బాన్‌లో చూశాం. ఒక్క ఎత్తులో ఆటకట్టు కనిపిస్తున్నా క్రామ్నిక్ చూడలేదు, ఎదుటి మంత్రి వచ్చి రాజు పక్కన కూర్చుంది. 4-2తో డీప్ ఫ్రిట్జ్ గెలిచింది. అలసట మనిషికే గాని యంత్రానికి లేదు కదా. అంతకు ముందు ఏడాది లండన్‌లో హైడ్రా అనే చదరంగం కంప్యూటర్ ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ మైకేల్ ఆడమ్స్‌కి ఆరు ఆటల్లో అర పాయింటు మాత్రమే వదిలింది.

ఇప్పుడైతే ఈ రెండు దారులూ మూసుకుపోయినట్టే. మిగిలింది యంత్రం చేత ముందే ఏదో ఒకటి వదిలించుకుని ఆడడం. 2016లో అమెరికా గ్రాండ్‌మాస్టర్ నకమురాతో కొమోడో అనే ప్రోగ్రాం అలా నాలుగు ఆటలు ఆడింది. బంటు వదిలి, ఇంకోసారి మరో రకం వెసులుబాటిచ్చి మూడు ఆటలు డ్రా అయ్యాక, మొదటి నాలుగు ఎత్తులు ఊరికే ఇచ్చిన ఆటలో గెలిచేసింది.

మావాడికి ఇవన్నీ చెప్పి, ఫోన్లో దాని మంత్రిని తీసేసి ఆడమన్నాను. ఉన్న పావులన్నీ ఓపిగ్గా మార్పిడి చేసుకుంటూ పోయి, దీపాలు పెట్టే వేళకి గెలిచాడు. "ఇంకోటా?" అన్నాను.

"ఆయ్! ఈసారి ఏనుగొక్కటే తీద్దామండి."