ఆవకాయ కత్తిపీట: పాత గుంటూరు కొలిమిలో చేయించుకున్నది

పోయిన వేసవిలో ఆవకాయ ముక్కలు కొట్టడానికి ఒక పెద్ద షాపులో తళతళలాడే స్టెయిన్‌లెస్ కత్తిపీట కొన్నాను. పదిహేనో కాయకే అంచు మడత పడింది. టెంక చీలలేదు, నలిగింది. ముక్కకు టెంక అంటుకుని లేకపోతే ఆవకాయ నాలుగు నెలలకే మెత్తబడిపోతుంది.

ఈసారి మా పాలబ్బాయి చెప్తే పాత గుంటూరులో ఒక కొలిమికి వెళ్లాను. చెక్క పీట, పిడితో కలిపి 1,600 రూపాయలు. వంద కాయలు కొట్టాం. అంచు మీద ఒక్క గాటు లేదు.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాను. ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి, అదే బ్లాస్ట్ ఫర్నేస్, బొమ్మ కళ్లు మూసుకుని వేయగలను. పైనుంచి హెమటైట్ అనే ఇనుప ఖనిజం, కోక్ అనే రకం బొగ్గు, సున్నపురాయి వేస్తారు, కిందనుంచి వేడిగాలి ఊదుతారు. కోక్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటే ఇనుము కరిగి అడుగుకు దిగుతుంది. సున్నం మట్టినీ ఇసుకనూ పట్టుకుని చిట్టెంగా పైన తేలుతుంది. విశాఖ ఉక్కులో ఒక ఫర్నేస్ పేరు కృష్ణ అని చెప్తే మా పిల్లల మొహాలు వెలిగిపోయేవి.

కానీ అలా దిగిన ఇనుములో 4 శాతం దాకా కార్బన్ ఉంటుంది, సమ్మెట వేస్తే పగులుతుంది. అందులోకి ఆక్సిజన్ ఊది కార్బన్‌ను మండించేస్తేనే ఉక్కు. మరీ తగ్గిపోతే మెత్తన. గిన్నెలకు వాడే రకం స్టెయిన్‌లెస్‌లో కార్బన్ బాగా తక్కువ, దాన్ని ఎంత కాల్చి నూనెలో ముంచినా గట్టిపడదు. లారీ కమాను పట్టీలో అర శాతం పైచిలుకు ఉంటుంది. కత్తికి అదే కావాలి. ఈ కొలిమి నడిపే బాబాయ్ వాడేదీ అదే, పాత లారీల తుక్కులోంచి ఏరి తెచ్చుకుంటారు.

పట్టీని ఎంతసేపు కాల్చాలి బాబాయ్ అని అడిగాను. "టైముతో పనేముందమ్మా, రంగు చూడాలి. దానిమ్మ గింజ రంగు రావాలి. తెల్లబడి రవ్వలు లేచాయంటే ఇనుము కాలిపోయినట్టే" అన్నారు. పట్టపగలు కూడా ఆ పాకలో చీకటిగా ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది. వెలుతురులో ఆ రంగు తెలియదు.

సాగగొట్టి రూపం తెచ్చాక మళ్లీ కాల్చి అంచు మాత్రమే నూనెలో ముంచారు. వెంటనే తీసి రాయితో అంచును గీకారు. వెనక భాగంలో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు నడుస్తుంటే ఆ గీకిన చోట రంగులు మారాయి: ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు. నీలం రాకముందే మొత్తం ముంచేశారు. నీలం దాకా వదిలితే అంచు మెత్తబడుతుంది, ముందే ముంచితే పెళుసుగా మిగిలి టెంక మీద విరుగుతుంది. మహా అయితే నిమిషం. ముప్పై ఏళ్లు సమీకరణాలతో చెప్పినదాన్ని కళ్లెదుట చూసి నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. మా పిల్లల్ని ఒక్కసారైనా ఇక్కడికి తీసుకురాలేదే అని బాధ కూడా వేసింది.

లోపాలూ చెప్పాలి. నాలుగు రోజులన్నది ఎనిమిది రోజులైంది. పిడి దగ్గర బోల్టు మొదటిరోజే వదులైంది. తీసుకెళ్తే డబ్బు అడగకుండా బిగించి, వాషర్ కూడా వేసి ఇచ్చారు.

ఇది తుప్పు పట్టే ఉక్కు. పని అవగానే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నువ్వుల నూనె రాయండి. మామిడి పులుపుకు అంచు నల్లబడితే కంగారు పడకండి, అది పాడైనట్టు కాదు. పదును తగ్గితే 60 రూపాయలకు సానబెట్టి ఇస్తారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కొలిమి ఆర్పేస్తారు, పొద్దున్నే వెళ్లాలి. ఉగాది దాటాక ఆర్డర్లు ఎక్కువ, ఫిబ్రవరిలోనే చెప్పి పెట్టుకోండి.