గన్నవరం–విశాఖ: ముప్పావు గంట గాల్లో, నాలుగు గంటలు దారిలో

గన్నవరం నుంచి విశాఖ విమానాశ్రయానికి సరళరేఖలో దూరం దాదాపు 290 కిలోమీటర్లు. విజయవాడ నుంచి రైల్లో వెళ్తే 350. దూరంలో పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు, విమానం గెలిస్తే వేగంతోనే గెలవాలి.

టికెట్ మీద గంటకు కాస్త అటూ ఇటుగా రాసి ఉంటుంది. విమానం నిలిచిన చోటి నుంచి కదలడం మొదలు, దిగి మళ్లీ ఆగేదాకా లెక్క అది. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానంలో నిజంగా గాల్లో ఉండేది ముప్పావు గంటే. ఆ ముప్పావు గంట మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఏటీఆర్‌కు రెక్కలు కిటికీల పైన ఉంటాయి కనుక కింద నేలంతా కనిపిస్తుంది. కుడివైపు సీటు తీసుకోండి. మబ్బు లేకపోతే ముందు కొల్లేరు, దాని చుట్టూ గళ్లుగళ్లుగా చేపల చెరువులు. తర్వాత రాజమహేంద్రవరం దగ్గర గోదావరి, ధవళేశ్వరం ఆనకట్ట, దాని దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా నది చీలిపోవడం. రైలు వంతెన మీద గోదావరి వెడల్పు తెలుస్తుందే గానీ ఈ చీలిక కనిపించదు. నా మట్టుకు టికెట్ డబ్బులు అక్కడే చెల్లిపోయాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. పెద్ద విమానాల్లో తలపై అరలో పట్టే పెట్టె ఇందులో పట్టదు. ప్రొపెల్లర్ పక్క వరుసల్లో హోరు ఎక్కువ. ప్రయాణికుల తలుపు వెనక ఉంటుంది, అందుకే వెనక సీట్ల వాళ్లే ముందు దిగుతారు.

ఇక అసలు లెక్క. విజయవాడ ఊళ్లోంచి గన్నవరానికి ముప్పావు గంట, విమానం కదిలేదాకా అక్కడ గంటన్నర, ప్రయాణం గంట, సామాను కోసం నిరీక్షణ, అక్కడి నుంచి బీచ్ రోడ్డుకు ట్యాక్సీ. నాలుగు గంటలు దాటిపోతుంది. వందేభారత్ స్టేషన్ నుంచి స్టేషన్‌కు నాలుగు గంటల్లో చేరుస్తుంది, పైగా కాళ్లు చాపుకోవచ్చు. బీచ్ రోడ్డులో బస చేసేవారికి నా ఓటు రైలుకే.

గాజువాక, ఉక్కు కర్మాగారం వైపు పని ఉంటే సంగతి వేరు. విమానాశ్రయం అటువైపే ఉంది, వందేభారత్ ఆ దగ్గర్లోని దువ్వాడ స్టేషన్‌లో ఆగదు. అలాంటప్పుడు ఆ పరిసరాల్లోనే గది తీసుకోవడం మేలు. సముద్రం కనిపించదు, కానీ పొద్దున్నే నగరం దాటే బాధ తప్పుతుంది.

టికెట్లు వెతికేటప్పుడు హైదరాబాద్ మీదుగా వెళ్లేవి కూడా వరుసలో కనిపిస్తాయి. ధర చూసి ఆశపడకండి. హైదరాబాద్ పూర్తిగా ఎదురు దిక్కు. 290 కిలోమీటర్ల చోటుకు 770కి పైగా తిరగాలి, మధ్యలో పడిగాపులు అదనం.

నేను దిగింది నౌకాదళపు వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగాలోని పౌర విమానాశ్రయంలో. భోగాపురం కొత్త విమానాశ్రయంలో దిగితే ఈ లెక్కంతా మారుతుంది. అక్కడి నుంచి విశాఖకు నలభై కిలోమీటర్ల పైమాటే, ఆ గంట కూడా కలిపితే విమానం రైలుకు స్పష్టంగా ఓడిపోతుంది. విజయనగరం, శ్రీకాకుళం వెళ్లేవారికైతే లాభమే.